పాత జీపు సైడ్ వాల్వ్ బ్లాకును గుర్తుపట్టడం, పగుళ్లు పరీక్షించడం ఎలా?

చెనిక్కాయల సీమ, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. మా జేజినాయన కాలంలో మా ఇంట్లో ఒక పెట్రోలు జీపు ఉండేది. పెట్రోలు ఖర్చు భరించలేక మా నాయన దాని ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించాడు. ఆ జీపు ఇప్పటికీ మా పశువుల కొట్టం పక్కనే ఉంది, నడుస్తోంది కూడా. దానికి మళ్లీ పాత పెట్రోలు ఇంజనే పెట్టాలని నాకు చాలా కాలంగా కోరిక. పోయిన వారం కొట్టంలో చెనిక్కాయ పొట్టు నింపిన గోనెసంచులు తీసి పక్కకు వేస్తుంటే వాటి వెనుక ఒకటి కాదు, రెండు ఇంజను బ్లాకులు బయటపడ్డాయి. రెండింటికీ నాలుగేసి సిలిండర్లే. టేపు పెట్టి చూస్తే సిలిండర్ల వ్యాసం కూడా ఒకటిగానే కనిపిస్తోంది. వాటితో పాటు చదునుగా, ప్లగ్గులకు మాత్రమే రంధ్రాలున్న ఒక హెడ్డు దొరికింది. రెండో హెడ్డు లేదు. ఏది మా జీపుదో చెప్పగలిగిన మా నాయన ఇప్పుడు లేడు.

గుత్తి రోడ్డులో పాత ఇనుము కొనే ఒకాయన వచ్చి చూసి, ఒక బ్లాకుకు ఉన్న బోల్టుల తలల మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంది కాబట్టి అది ఫోర్డు ఇంజనని, జీపుకు పనికిరాదని, రెండింటినీ కిలో లెక్కన తీసుకుంటానని అంటున్నాడు. ఆయన మాట నిజమేనా? ఈ రెండింటిలో ఏది ఏ ఇంజనో ఎలా తెలుసుకోవాలి? బోరింగ్ షాపుకు మోసుకుపోయి డబ్బు పోయకముందే, బ్లాకు బాగు చేయడానికి యోగ్యమైనదా కాదా అని ఇంటి దగ్గర ఎంతవరకు పరీక్షించుకోవచ్చు? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

బోరింగ్ షెడ్డు, కర్నూలు

ముందుగా ఆ ఇనుము వ్యాపారిని వారం రోజులు ఆగమని చెప్పండి. ఇక సిలిండరు వ్యాసం కొలిచి ఇంజనును గుర్తుపట్టే ప్రయత్నం మానండి. మన ప్రాంతంలో పాత పెట్రోలు జీపుల్లో కనిపించే రెండు ఇంజన్లకూ బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 3 1/8 అంగుళాలే, అంటే సుమారు 79.4 మిల్లీమీటర్లు. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) కూడా రెండింటికీ 4 3/8 అంగుళాలే. రెండూ 134 ఘనపు అంగుళాల ఇంజన్లే, మన లెక్కలో 2.2 లీటర్లు. టేపుతో, ఆ మాటకొస్తే వెర్నియరుతో కూడా, వాటిని వేరు చేయడం ఎవరివల్లా కాదు.

వేరు చేయవలసింది బ్లాకు పైముఖాన్ని చూసి. సిలిండర్ల వరుసకు పక్కనే వాల్వులు కూర్చునే గుంతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే అది అసలైన సైడ్ వాల్వ్ ఇంజను, అమెరికావారు ఫ్లాట్‌హెడ్ అని పిలిచేది. ఇందులో ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ బ్లాకులోనే తల పైకి ఉండేటట్లు కూర్చుంటాయి కాబట్టి హెడ్డుకు కదిలే భాగమంటూ ఏదీ ఉండదు, అది ఉత్త మూత. మీకు దొరికిన చదునైన హెడ్డు ఇటువంటి బ్లాకుదే. అలా కాక వాల్వు గుంతలు నాలుగే ఉండి, వాటితో పాటు పుష్‌రాడ్లు (హెడ్డులోని వాల్వులను కదిలించడానికి కింది నుంచి తోసే కడ్డీలు) పైకి పోవడానికి నాలుగు సన్నని రంధ్రాలు కనిపిస్తే, అది ఎఫ్ హెడ్ ఇంజను. అందులో ఎగ్జాస్టు వాల్వులు మాత్రమే బ్లాకులో ఉంటాయి. ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి ఎక్కి, పైన రాకర్లు (వాల్వులను నొక్కే చిన్న మీటలు), వాటి మీద రేకు కవరు వస్తాయి, కార్బొరేటరు కూడా హెడ్డు మీదే కూర్చుంటుంది. మనవాళ్లు చాలామంది రెండింటినీ కలిపి 'పాత పెట్రోలు జీపు ఇంజను' అనేస్తారు. హెడ్డు లేకుండా పడి ఉన్నప్పుడు ఈ తికమక ఇంకా ఎక్కువ.

ఎనిమిది వాల్వుల ఇంజను రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపులోనూ, యుద్ధం ముగిశాక వచ్చిన సీజే-2ఏ, సీజే-3ఏ జీపుల్లోనూ వాడినది. శక్తి 60 గుర్రాలు. 1953లో వచ్చిన సీజే-3బీకి ఎఫ్ హెడ్ ఇంజను పెట్టారు. ఈ ఇంజను ఎత్తు పెరిగింది కాబట్టే ఆ జీపు బానెట్టు అంత ఎత్తుగా ఉంటుంది. మహీంద్రావారు మన దేశంలో ఏళ్ల తరబడి తయారు చేసింది ఈ సీజే-3బీనే కాబట్టి, రాయలసీమలో మూలన పడి ఉన్న బ్లాకుల్లో ఎక్కువ భాగం ఎఫ్ హెడ్డువే ఉంటాయి. మీ జీపు బానెట్టు ఎత్తుగా ఉందా, తగ్గుగా ఉందా అన్నది ముందు చూసుకోండి. జీపు ఒక రకం, మీరు మోజుపడిన బ్లాకు ఇంకో రకం అయితే ఆ తర్వాతి లెక్కలన్నీ మారిపోతాయి.

ఇక బోల్టుల మీది ఎఫ్ అక్షరం సంగతి. ఆ వ్యాపారి సగం నిజమే చెప్పాడు. యుద్ధకాలంలో విల్లీస్ కంపెనీ ఒక్కతే సైన్యానికి చాలినన్ని జీపులు చేయలేకపోవడంతో, ఫోర్డు కంపెనీ కూడా విల్లీస్ నమూనా ప్రకారమే జీపులు తయారు చేసింది. దాని పేరు జీపీడబ్ల్యూ. విల్లీస్ మూడున్నర లక్షలకు పైగా చేస్తే, ఫోర్డు రెండు లక్షల డెబ్బై వేలకు పైగా చేసింది. ఫోర్డువారు తమ భాగాల మీద, చివరికి బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం వేసేవారు. కాని రెండు జీపుల భాగాలూ ఒకదానికొకటి సరిపోవాలన్నది సైన్యం పెట్టిన నిబంధన కాబట్టి, ఎనభై ఏళ్లలో ఎన్ని షెడ్లలో ఎన్నిసార్లు ఏ బోల్టు ఎక్కడికి మారిందో చెప్పలేం. బోల్టును బట్టి బ్లాకు కులగోత్రాలు నిర్ణయించకండి. అది ఫోర్డు చేసినదే అయినా జీపుకు పనికిరాదనడం మాత్రం పూర్తిగా తప్పు.

బ్లాకు ముందు భాగంలో, వాటర్ పంపు బిగించే చోటుకు దగ్గరగా, చెక్కి చదును చేసిన చిన్న దిమ్మ ఉంటుంది. ఇంజను నంబరు దాని మీదే గుద్దుతారు. దాని మీద తుప్పును ఇసుక కాగితంతో గానీ గ్రైండరుతో గానీ గీకవద్దు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ గంటసేపు కప్పి ఉంచి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దండి. ఎంబీ అని మొదలైతే విల్లీస్ యుద్ధకాలపు ఇంజను, జీపీడబ్ల్యూ అని మొదలైతే ఫోర్డుది. ఫోర్డు జీపుకు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఒకటిగా ఉండేవి, విల్లీస్ ఎంబీకి రెండూ వేర్వేరుగానే ఉండేవి. కాబట్టి ఎంబీలో ఆ రెండు నంబర్లు కలవలేదని ఎవరైనా బండి విలువ తగ్గిస్తే ఒప్పుకోకండి. యుద్ధం తర్వాతి విల్లీస్ ఇంజన్లలో నంబరు చివర ఏ అనే అక్షరం ఉంటే కంపెనీలోనే క్రాంకు మెయిన్, రాడ్ బేరింగులు పది తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అండర్‌సైజుగా వేశారని, బీ ఉంటే సిలిండర్లు పది తౌ ఓవర్‌సైజుగా వచ్చాయని, రెండూ ఉంటే రెండూ జరిగాయని అర్థం. ఇది తెలియక 'కొత్త ఇంజనని అమ్మాడు, బోరింగు అప్పటికే అయిపోయింది' అని తిట్టుకున్నవారిని నేను చూశాను.

ముందు టైమింగ్ కవరు తీసే అవకాశముంటే అదీ చూడండి. యుద్ధకాలపు ఇంజన్లకు టైమింగ్ చైను ఉంటుంది. సీజే-2ఏ మొదలైన కొద్ది కాలానికే చైను తీసివేసి పళ్ల చక్రాలు పెట్టారు. చైనుతో క్యాంషాఫ్టు క్రాంకు తిరిగిన వైపే తిరుగుతుంది, పళ్ల చక్రాలతో ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అందువల్ల రెండింటి ఆయిల్ పంపులూ ఒకదానికొకటి పనికిరావు. పంపు కొనేముందు ఈ ఒక్క సంగతి చూసుకోకపోతే డబ్బు దండగ.

ప్రొద్దుటూరు పాతబండ్లు

కర్నూలు అన్నగారు జీపుల గురించి అంతా చెప్పేశారు. కొట్టాల్లో వెతికేవారు ఇంకెవరైనా ఇది చదువుతుంటే వారి కోసం రెండు మాటలు చేరుస్తాను. మన వైపు సైడ్ వాల్వ్ బ్లాకు కనిపించగానే జీపు అనుకోనక్కరలేదు. ఫోర్డు కంపెనీకి 1950ల మొదటి వరకు మదరాసులో కూర్పు కర్మాగారం ఉండేది. కాబట్టి ఆ కాలపు ఫోర్డు వీ8 ఇంజన్లు ఇటువైపు రావడం వింతేమీ కాదు. ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో నాలుగేసి చొప్పున ఉంటాయి కనుక వాటిని జీపుతో పొరబడే అవకాశం లేదు. అందులో ఏ కాలానిదో తెలియాలంటే ఒక పక్క హెడ్డు స్టడ్ల రంధ్రాలు లెక్కపెట్టాలి. 1932లో మొదలైన పాతవాటికి 21, 1938 నుంచి వచ్చినవాటికి 24, చిన్న వీ8కు 17 ఉంటాయి. 1948 వరకు గేరుబాక్సు బిగించే బెల్ హౌసింగు పైభాగం బ్లాకుతో కలిసే పోతపోసి ఉండేది. 1949 నుంచి అది విడిగా వచ్చింది.

డాడ్జి లారీల ఆరు సిలిండర్ల ఇంజను కూడా సైడ్ వాల్వే. హిందుస్థాన్ 14 కారుకు, తొలినాటి అంబాసిడర్లకు 1476 సీసీ మారిస్ సైడ్ వాల్వ్ ఇంజనే ఉండేది. అంబాసిడరుకు ఓవర్‌హెడ్ వాల్వ్ 1489 సీసీ ఇంజను ఆ తర్వాత వచ్చింది. నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ బ్లాకు దొరికి, బోరు జీపు కొలతకు సరిపోకపోతే ఈ మారిస్ ఇంజనేమో అని అనుమానించాలి.

అన్నగారూ, మీరు బండి ఏదో చెప్పారు గాని పగుళ్ల సంగతి రాయలేదు. అసలు చేయి కాలేది అక్కడే కదా.

ఆదోని ఆయిల్ క్యాన్

పగుళ్లకు పెద్ద పరీక్షలేమీ అవసరం లేదు. బ్లాకును రెండు చెక్కల మీద పెట్టి చిన్న సుత్తితో నాలుగు వైపులా కొట్టి చూడండి. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి చూసేది, అదే లెక్క. ఖంగుమంటే మంచిది, బొక్కుమంటే పారవేయండి.

బోరింగ్ షెడ్డు, కర్నూలు

ఆదోని సోదరులు చెప్పిన పద్ధతి మంచిదే, నేనూ కొడతాను. అయితే అది పెద్ద పగులునే పట్టిస్తుంది. వాల్వు సీటు దగ్గరి వెంట్రుకవాసి పగులుతో కూడా బ్లాకు గుడిగంటలాగా మోగుతుంది. దాన్ని నమ్మి బోరింగు, లైనర్లు, గైడ్లు అన్నీ చేయించి, ఇంజను స్టార్టు చేసిన రోజున సైలెన్సరు నుంచి నీళ్లు కారడం చూసినవారిని నేనెరుగుదును. అటువంటి బ్లాకు ఒకటి మా షెడ్డులోనే రెండేళ్లుగా బెంచీ కాలుగా పనిచేస్తోంది, దానికి బోరింగు చేసింది నేనే.

ఈ ఇంజన్ల గురించి అమెరికా, ఇంగ్లండు వారు రాసినవి చదివితే, చలికాలంలో నీళ్లు గడ్డకట్టి వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) పక్కగోడ నిలువునా పగులుతుందని, ముందు అక్కడ చూడమని ఉంటుంది. వారి ఊళ్లకు అది నిజం. అనంతపురంలో నీళ్లు గడ్డకట్టే చలి ఎక్కడిది? మన బ్లాకులు పగిలేది ఎండకూ, నీళ్లకూ. రేడియేటరు కారిపోయి, ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఇంజను ఉడికి, ఆవిరి చిమ్ముతుంటే డ్రైవరు కంగారుగా పక్క బావి నుంచి బిందెడు చన్నీళ్లు తెచ్చి ఒకేసారి పోసేస్తాడు. సైడ్ వాల్వ్ ఇంజనులో కాలిన పొగ బ్లాకు పొట్టలో నుంచే బయటికి పోవాలి కాబట్టి ఎగ్జాస్టు వాల్వు సీటు చుట్టూ ఉండే ఇనుము అన్నిటికన్నా ఎక్కువ కాగుతుంది. ఆ సీటుకు, సిలిండరు అంచుకు మధ్యనున్న గోడ సన్నంగా ఉంటుంది. చన్నీళ్లు తగలగానే మొదట నోరు తెరిచేది అదే. జీపు బ్లాకులో వాల్వుల వరుస ఎగ్జాస్టు, ఇన్‌టేక్, ఇన్‌టేక్, ఎగ్జాస్టు, ఆ తర్వాత మళ్లీ అదే క్రమం. అంటే సరిగ్గా నడిమధ్యలో రెండో సిలిండరు ఎగ్జాస్టు, మూడో సిలిండరు ఎగ్జాస్టు పక్కపక్కనే వస్తాయి. ఆ రెండు సీట్ల మధ్య, చుట్టూ ఉన్న జానెడు మేరనే మీరు సగం రోజు చూడాలి.

అలాగని పక్కగోడను వదిలేయమని కాదు. యుద్ధకాలపు బండి మన ఊరికి రాకముందు ఏ మంచుకొండల్లో తిరిగిందో మనకు తెలియదు. వాటర్ జాకెట్ గోడ మీద పాత ఇత్తడి వెల్డింగు మరకలు, ఎం-సీల్ ముద్దలు, అవసరం లేనిచోట మందంగా రంగు కనిపిస్తే అక్కడ గోరు పెట్టి గీకి చూడాల్సిందే.

ఇంటి దగ్గర చేయగలిగింది చెబుతాను. ముందుగా పక్కనున్న వెల్చ్ ప్లగ్గులు (జాకెట్ రంధ్రాలకు మూతగా కొట్టిన గుండ్రని రేకు బిళ్లలు) ఊడదీయండి. మన బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి కాబట్టి జాకెట్ లోపల, ముఖ్యంగా వెనుక నాలుగో సిలిండరు చుట్టూ, సున్నం పెంకు, తుప్పు బురద గట్టిపడి ఉంటాయి. నీరు తిరగని చోట ఇనుము ఉడుకుతుంది, పగులు కూడా అక్కడికే వస్తుంది. పాత సైకిలు బ్రేకు తీగ లోపలికి దూర్చి అంతా కెలికి, నీళ్లు కొట్టి కడగండి. యాసిడ్ పోయవద్దు, అది సున్నంతో పాటు పలుచబడిన గోడను కూడా తింటుంది. జిడ్డు పోవడానికి పెద్ద పీపాలో చాకలి సోడా నీళ్లు కాచి బ్లాకును ముంచితే చాలు.

బాగా ఆరిన తర్వాత పైముఖాన్ని, వాల్వు సీట్లను, పోర్టుల లోపలి భాగాన్ని కిరోసిన్‌తో తడపండి. గంటసేపు ఆగి గుడ్డతో పొడిగా తుడిచి, బడిలో వాడే సుద్దముక్కను పొడి చేసి పలుచగా అద్దండి. పగులులో దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి ఊరి తెల్లని సుద్దలో నల్లని గీత గీస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడేటట్లు టార్చి పెట్టి చూడండి. స్టడ్ రంధ్రం నుంచి పక్కనున్న నీటి రంధ్రానికి గీత కనిపిస్తే భయపడకండి. అది పాత సైడ్ వాల్వ్ బ్లాకుల్లో మామూలు, స్టడ్ మరలకు సీలంటు పూసి బిగిస్తే నడుస్తుంది. సీటు నుంచి సిలిండరులోకి పోయిన పగులును బాగుచేయవచ్చు, ఖర్చు ఉంటుంది. సీటు నుంచి పోర్టు లోపలికి దిగి నీళ్ల వైపు పోయిన పగులు మహా చెడ్డది. క్రాంకును మోసే మెయిన్ బేరింగుల మీది గోడల్లో పగులుంటే ఆ బ్లాకును ఇంటికి అలంకారంగా ఉంచుకోండి, ఇంజను మాత్రం కట్టవద్దు.

ఆ తర్వాతివి మా వంటివారి దగ్గర చేయించుకోవలసినవి. జాకెట్ రంధ్రాలన్నీ రబ్బరు, ఇనుప పలకలతో మూసి, లోపల వేడినీళ్లు నింపి గాలి ఒత్తిడి ఇచ్చి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. బోరును డయల్ గేజితో పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలవాలి. ఈ ఇంజనుకు పిస్టన్లు పది, ఇరవై, ముప్పై, నలభై తౌ ఓవర్‌సైజుల్లో ఉండేవి. అప్పటికే నలభై దాకా పోయి ఉంటే స్లీవ్ (సిలిండరు లోపల దిగగొట్టే కొత్త ఇనుప గొట్టం) కొట్టించడమే దారి. ఎగ్జాస్టు సీట్లు విడి ఉంగరాలుగా దిగగొట్టి ఉంటాయి కాబట్టి మార్చవచ్చు. ఇన్‌టేక్ సీట్లు బ్లాకు ఇనుములోనే కోసినవి కాబట్టి అవి ఎంత లోతుకు దిగిపోయాయో చూడాలి.

పైముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుతురు వస్తోందా చూడండి. వంకర తీయడానికి బ్లాకును గాని హెడ్డును గాని ఎక్కువ ఫేసింగ్ చేయిస్తే (ముఖం చెక్కి చదును చేయిస్తే), పైకి లేచిన వాల్వు హెడ్డుకు తగులుతుంది. సైడ్ వాల్వ్ ఇంజనులో హెడ్డు మందం తగ్గిస్తే ప్రమాదం లేదనుకునేవారు ఈ సంగతి మరిచిపోతారు. వాల్వు తలల మీద మెత్తని బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో ఇంజను రెండు చుట్లు తిప్పి విప్పితే, మట్టి ఎంత మందం మిగిలిందో అదే మీ ఖాళీ.

చెనిక్కాయల సీమ, అనంతపురం

అన్నా, మీరు చెప్పినవి చెప్పినట్లే చేశాను. మొదటి బ్లాకుకు వాల్వులు ఎనిమిది. నంబరు దిమ్మ మీద మీరు చెప్పిన విధంగా కిరోసిన్ గుడ్డ కప్పితే ఎంబీ అని, దాని తర్వాత ఆరు అంకెలు తేటగా కనిపించాయి. ఎఫ్ బోల్టులు దీనికే ఉన్నాయి, అంటే బోల్టులు నిజంగానే ఊరేగాయన్నమాట. రెండో బ్లాకుకు వాల్వు గుంతలు నాలుగే, పక్కన నాలుగు సన్న రంధ్రాలు. జీపు బానెట్టు తగ్గుగానే ఉంది. ఇంట్లో పాత పెట్టెలు వెతికితే రిజిస్ట్రేషను కాగితం కూడా దొరికింది. అందులోని ఇంజను నంబరు ఆ ఎంబీ బ్లాకుదే. అది చూసినప్పుడు మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

వెల్చ్ ప్లగ్గులు తీస్తే వెనుక వైపు నుంచి తట్టెడు ఎర్రని బురద, కోడిగుడ్డు పెంకులాంటి సున్నం రేకులు వచ్చాయి. సుద్దపొడి అద్దిన తర్వాత మూడో సిలిండరు ఎగ్జాస్టు సీటు నుంచి సిలిండరు అంచు వరకు ఒక గీత తేలింది. పొడవు చిటికెన వేలి గోరంత. సిలిండరు లోపల గోరుకు తగులుతోంది గాని కిందికి ఎంత దూరం పోయిందో తెలియడం లేదు. పోర్టు లోపల టార్చి వేసి చూస్తే గీతేమీ కనిపించలేదు. ఒక స్టడ్ రంధ్రం నుంచి నీటి రంధ్రానికి కూడా చిన్న గీత ఉంది. ఇక్కడ ఒక వెల్డింగు షాపులో అడిగితే పగులు మీద ఆర్క్ వెల్డింగు వేసి గ్రైండింగు చేసి ఇస్తాను, సాయంత్రానికి పని అయిపోతుంది అంటున్నారు. వేయించమంటారా?

ఆదోని ఆయిల్ క్యాన్

వేయించండి. మా ట్రాక్టరు హెడ్డుకు అలాగే వేయించాము, నాలుగేళ్లు నడిచింది.

బోరింగ్ షెడ్డు, కర్నూలు

ఆదోని సోదరులు మన్నించాలి, ఈ విషయంలో నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పోత ఇనుమును చల్లగా ఉన్నచోట ఆర్క్‌తో కాలిస్తే వెల్డు పక్కనున్న ఇనుము గాజులాగా పెళుసుబారుతుంది. చల్లారేటప్పుడు అది ముడుచుకుని వెల్డు అంచు వెంబడి కొత్త పగులు తెరుచుకుంటుంది. సీటుకు, సిలిండరుకు మధ్యనున్న సన్నని గోడ మీద ఆ పని చేస్తే గోరంత పగులు వేలంత అవుతుంది. బ్లాకు మొత్తాన్ని కొలిమిలో ఎర్రబడే దాకా కాచి, వెల్డు వేసి, రెండు రోజులు బూడిదలో మెల్లగా చల్లార్చగలిగినవారైతే వేరు మాట, అటువంటివారు ఇప్పుడు అరుదు.

మీ పగులుకు వేడి పెట్టకుండానే మార్గముంది. మూడో సిలిండరుకు స్లీవ్ కొట్టి, ఎగ్జాస్టు సీటు ఉంగరం పాతది తీసి కొత్తది బిగుతుగా దిగగొడితే, పగులు రెండు వైపులా కొత్త ఇనుము వచ్చి మధ్యలో బందీ అయిపోతుంది. మధ్యలో మిగిలిన పైగీతకు మరలు కోసిన పిన్నులు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేటట్లు బిగించి కుట్టేస్తే సరి. అయితే ఇదంతా పగులు నీళ్ల దాకా పోలేదని తేలిన తర్వాతే. కాబట్టి ముందు గాలి ఒత్తిడి పరీక్ష, ఆ తర్వాతే బేరం. బ్లాకు తెచ్చేటప్పుడు మూడు మెయిన్ బేరింగు మూతలూ వాటి బోల్టులతో సహా తీసుకురండి. అవి ఈ బ్లాకుతో కలిపి బోరింగు చేసినవి కాబట్టి వేరే బ్లాకు మూతలు దీనికి నప్పవు. ఇంజను నంబరు పూర్తిగా ఇక్కడ రాయవద్దు, ఫొటో పెడితే ఆ దిమ్మ మీద గుడ్డ కప్పండి.

ఇంకొక మాట. ఆ నంబరు దిమ్మను ఎవరినీ ఫేసింగ్ మిషను మీద తాకనివ్వకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదట రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, దానికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. డీజిలు ఇంజనుతో మీకు ఆ అవకాశం లేదు. కాగితంలో ఉన్న ఇంజనే తిరిగి ఎక్కిస్తే అడగడానికి ముఖం ఉంటుంది.

ప్రొద్దుటూరు పాతబండ్లు

ఆ రెండో బ్లాకును కిలో లెక్కన అమ్మవద్దని నా మనవి. నా సీజే-3బీ బ్లాకుకు మెయిన్ బేరింగు గోడ పగిలి ఆరు నెలలుగా బండి గుడారం కింద ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే దాన్ని నాకు ఇవ్వండి. ఇనుము వ్యాపారి చెప్పిన దానికన్నా ఎక్కువే ఇస్తాను. అది కాకుంటే నా దగ్గర చైను రకానికి సరిపోయే ఆయిల్ పంపు ఒకటి విడిగా ఉంది, మీకు ఎలాగూ కావాలి, దాన్ని ఇచ్చిపుచ్చుకుందాము. పైముఖం ఫొటో, పోర్టుల ఫొటో పెట్టగలరా? దానికి కూడా సుద్దపొడి పరీక్ష చేసి ఉంటే ఫలితం చెప్పండి.

చెనిక్కాయల సీమ, అనంతపురం

అన్నగారికి, ప్రొద్దుటూరు సోదరులకు ధన్యవాదాలు. వెల్డింగు షాపు ఆయనకు వద్దని చెప్పేశాను. రెండో బ్లాకుకు నిన్న సాయంత్రం సుద్దపొడి అద్దాను. సీట్ల దగ్గర గీతలేమీ తేలలేదు, కాని రెండు స్టడ్ రంధ్రాల్లో మరలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. మెయిన్ మూతలు మూడూ దానికే బిగించి ఉన్నాయి, మీద ఉన్న గుర్తులు కూడా వరుసగానే ఉన్నాయి. నాకు డబ్బు వద్దు, ఆయిల్ పంపే కావాలి. ఆదివారం నేను చెనిక్కాయల మూటలతో తాడిపత్రి వస్తున్నాను, లారీలో చోటు ఉంది. మీరు అక్కడికి రాగలిగితే బ్లాకు అక్కడే దించేస్తాను. ఎంబీ బ్లాకును సోమవారం కర్నూలుకు తెస్తాను అన్నా, పరీక్షకు నేను కూడా పక్కన నిలబడి చూడవచ్చా?

బోరింగ్ షెడ్డు, కర్నూలు

తప్పకుండా చూడండి. పొద్దున్నే రండి, నీళ్లు కాగడానికే గంట పడుతుంది. దారిలో కుదుపులకు పైముఖం గీతలు పడకుండా దాని మీద చెక్క పలక కట్టి తీసుకురండి. చదునైన హెడ్డు కూడా మరవకండి, వాల్వు ఖాళీ చూడాలంటే అది కావాలి.